జపనీస్ నేర్చుకుందాం – 6వ పాఠం: రెస్టారెంట్లో

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి జవాబులు. "ఇది నీళ్ళు" అనడానికి: కొరె వ మిజు దెస్. "అది ఎంత?" అనడానికి: సొరె వ ఇకుర దెస్ క. రెండోదానికి "అరె వ ఇకుర దెస్ క" అని రాసినవాళ్ళదీ తప్పు కాదు. వస్తువు ఇద్దరికీ దూరంగా ఉంటే అరె అనే అంటారు.

ఇవాళ రెస్టారెంట్‌కి వెళ్దాం. ఈ పాఠంలో కూరగాయల పేర్లూ చేపల పేర్లూ రెండు పేజీల నిండా ఇవ్వడం చాలా పుస్తకాలకు అలవాటు. నేను ఇవ్వడం లేదు. జపాన్‌లో చాలా మెనూల్లో ఫొటోలుంటాయి. చాలాచోట్ల గుమ్మం పక్కన అద్దాల బీరువాలో ప్లాస్టిక్‌తో చేసిన నమూనాలు కూడా పెడతారు, నూడుల్స్ గిన్నె దగ్గర్నుంచి ఐస్‌క్రీమ్ దాకా. వేలు పెట్టి చూపిస్తే ఆర్డర్ అయిపోతుంది. మనకు టెన్షన్ వచ్చేది వెయిటర్ ఏదో అడిగినప్పుడు. అయితే ఆ ప్రశ్నలు ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు అవే, అదే వరసలో వస్తాయి. కాబట్టి ముందు చెవికి పని చెబుదాం.

లోపలికి అడుగుపెట్టగానే "ఇరష్షైమసె!" అని గట్టిగా అంటారు. రండి రండి అన్నట్టు. దీనికి జవాబు చెప్పక్కర్లేదు, తల ఊపితే చాలు. వెంటనే మొదటి ప్రశ్న వస్తుంది:

నమ్మేసమ దెస్ క? (ఎంతమంది అండి?)

జవాబు: ఒక్కరైతే హితొరి దెస్, ఇద్దరైతే ఫుతరి దెస్, ముగ్గురైతే సన్నిన్ దెస్, నలుగురైతే యొనిన్ దెస్. వేళ్ళు కూడా చూపించండి, అక్కడ అందరూ చూపిస్తారు. "కొచిర ఎ దోజొ" అంటే ఇటు రండి అని. వెనకాలే వెళ్ళండి.

కూర్చోగానే మంచినీళ్ళో టీయో తెచ్చిపెడతారు. దానికి డబ్బులు తీసుకోరు. చేతులు తుడుచుకోవడానికిచ్చే తడి తువ్వాలు ఒషిబొరి. కాసేపటికి రెండో ప్రశ్న:

గొచూమొన్ వ ఒకిమరి దెస్ క? (ఏం కావాలో చూసుకున్నారా?)

ఇంకా తేల్చుకోకపోతే "మద దెస్" అనండి, వెళ్ళిపోయి మళ్ళీ వస్తారు. కొన్నిచోట్ల మనం పిలిచేదాకా ఎవరూ రారు. బల్ల మీద బటన్ ఉంటే నొక్కండి. లేదంటే "సుమిమసెన్!" (ఏమండీ!) అని కాస్త గొంతు పెంచి పిలవండి. అది మర్యాదే, మొహమాటపడకండి.

ఇక ఆర్డర్. ఇక్కడ తెలుగువాళ్ళ పని సులువు. మాటలు మన వరసలోనే పడతాయి, క్రియ చివరికే వస్తుంది.

కొరె కుదసాయ్. (ఇది ఇవ్వండి.)
కొరె ఫుతత్సు కుదసాయ్. (ఇది రెండు ఇవ్వండి.)
కొరె హితొత్సు తొ, కొరె ఫుతత్సు కుదసాయ్. (ఇది ఒకటి, ఇది రెండు ఇవ్వండి.)

వస్తువుల లెక్క హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు, యొత్త్సు, ఇత్సుత్సు. అయిదు వరకు వస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. పోయిన పాఠంలో నేర్చుకున్న ఇచి, ని, సన్ (ఒకటి, రెండు, మూడు) ఇక్కడ వాడొద్దు. కుదసాయ్ బదులు "ఒనెగై షిమస్" అంటే ఇంకాస్త మన్ననగా ఉంటుంది.

ఉచ్చారణలో హ్రస్వదీర్ఘాలు మన లిపిలో రాసినట్టే పలకండి. జపనీస్‌లో బీరు అంటే తాగే బీరే, బిరు అంటే బిల్డింగ్. దెస్, మస్ చివర ఉన్న ఉకారం దాదాపు వినపడదు, అందుకే దాన్ని రాయకుండా వదిలేశాను.

ఆర్డర్ రాసుకున్నాక మూడో ప్రశ్న:

ఇజో దె యొరొషీ దెస్ క? (ఇంతేనా అండి?)

"హై" (అవును) అంటే సరి. ఇంకేమైనా తీసుకుంటారా అని అడిగితే, వద్దనుకుంటే "దైజోబు దెస్" అనండి. ఫర్వాలేదు, చాలు అని. మొహం మీద "ఈయె" (వద్దు) అనడం కంటే ఇది నయం.

ఇప్పుడు శాకాహారుల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే "బెజితరియన్ దెస్" అని చెప్పినంత మాత్రాన పని జరగదు. ముక్క కనపడకపోతే చాలనుకునేవాళ్ళు ఉంటారు. అసలు చిక్కు దషితో. దషి అంటే జపాన్ వంటకి ఆధారమైన రసం. ఎక్కువగా కత్సుఒబుషితో, అంటే ఎండబెట్టి పొగపెట్టిన చేపని పల్చగా చెక్కిన తునకలతో, కాస్తారు. సముద్రపు నాచుతో కాచే కొంబు దషి కూడా ఉంది గానీ, చాలాచోట్ల రెండూ కలిపేస్తారు. మిసొ (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, ఉదొన్, సొబ అనే నూడుల్స్ పులుసు, నంచుకునే సాస్, ఉడకబెట్టిన ఆకుకూర, గుడ్డు అట్టు, అన్నిట్లోనూ దషి ఉండొచ్చు. కాబట్టి ఈ మూడు వాక్యాలు బట్టీ పట్టండి:

నికు తొ సకన వ తబెరరెమసెన్. (మాంసం, చేప తినలేను.)
కత్సుఒ దషి హైత్తె ఇమస్ క? (చేప దషి కలిసిందా?)
తమగొ తొ గ్యూన్యూ వ దైజోబు దెస్. (గుడ్డు, పాలు ఫర్వాలేదు.)

గుడ్డు తినకపోతే మూడోది వదిలేయండి. "తినను" అనకుండా "తినలేను" అని ఎందుకు నేర్పుతున్నానంటే, అలా చెబితే వంటింట్లోకి వెళ్ళి కనుక్కొని వచ్చే అవకాశం ఎక్కువ. ఒకవేళ మాంసం తిని గొడ్డుమాంసం మాత్రం మానేసినవాళ్ళయితే, గ్యూనికు అంటే గొడ్డుమాంసం, బుతనికు పందిమాంసం, తొరినికు కోడిమాంసం. జపాన్ కర్రీ అన్నం కూరగాయలదే అయినా, దాని పులుసుకి వాడే మసాలా ముద్దలో జంతువుల కొవ్వు ఉండటం మామూలే.

ఏదైనా తీసేయమనడానికి నుకి దె అనే చిన్న పదం చాలు. హియయక్కొ అనే చల్లటి తోఫు మీద చేప తునకలు చల్లుతారు, "కత్సుఒబుషి నుకి దె" అంటే చల్లకుండా ఇస్తారు. ఉల్లికాడలు వద్దంటే నెగి నుకి దె. అడగక్కర్లేకుండా తినదగ్గవీ ఉన్నాయి. ఎదమమె (ఉడకబెట్టిన సోయా కాయలు), కప్పమకి (దోసకాయ సుషి) మామూలుగా అలాంటివే. బౌద్ధ ఆలయాల వంట షోజిన్ ర్యోరిలో మాంసం, చేప రెండూ ఉండవు. వకయమ జిల్లాలోని కోయసన్ కొండ మీద ఆలయాల్లో బస చేస్తే ఆ భోజనమే పెడతారు.

ఇంకో మాట, ఇది మన నాలుక కోసం: ఇచిమి. ఉదొన్, సొబ షాపుల్లో బల్ల మీద చిన్న డబ్బాలో ఉండే వట్టి మిరప్పొడి. పక్కనే ఉండే షిచిమిలో నువ్వులూ, నారింజ తొక్కా లాంటివి కలుస్తాయి, కారం తక్కువ.

బిల్లు చాలాచోట్ల గుమ్మం దగ్గర కౌంటర్లో కట్టాలి. బల్ల మీద పెట్టిన చీటీ తీసుకెళ్ళి "ఒకైకే ఒనెగై షిమస్" అనండి. ఎవరిది వాళ్ళు కట్టుకునేలా ఉంటే "బెత్సుబెత్సు దె". డబ్బు చేతికి ఇవ్వకుండా అక్కడున్న చిన్న పళ్ళెంలో పెట్టండి. టిప్ ఇవ్వకండి, వదిలి వెళ్తే మర్చిపోయారనుకుని వెంటపడి తిరిగిస్తారు. ఇజకయ అనే మందు హోటళ్ళలో మనం అడగని చిన్న గిన్నె ఒకటి ముందే వస్తుంది, దాని ఖరీదు కూడా బిల్లులో కలుస్తుంది. పేరు ఒతోషి, పోట్లాడి లాభం లేదు. ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో మాత్రం "మొచికఎరి" వినిపిస్తే పార్సిలా అని అడుగుతున్నట్టు. 2019 అక్టోబరు నుంచి అక్కడ కూర్చుని తింటే పన్ను 10 శాతం, పార్సిల్ తీసుకెళ్తే 8 శాతం. అందుకే అడిగి తీరతారు.

బయటికి వచ్చేటప్పుడు "గొచిసోసమ దెష్త". భోజనం బాగుంది, కృతజ్ఞతలు అని చెప్పినట్టు.

అభ్యాసం: మీరు ముగ్గురు వెళ్ళారు. ఒకరు శాకాహారి, గుడ్డు కూడా తినరు. మెనూలో రెండు వంటకాలు వేలితో చూపించి, మొదటిది రెండు, రెండోది ఒకటి ఆర్డర్ ఇవ్వాలి. శాకాహారి దాంట్లో చేప దషి ఉందేమో అడగాలి, ఉల్లికాడలు వద్దనాలి, బిల్లు ఎవరిది వాళ్ళు కట్టాలి. వెయిటర్ ప్రశ్నలతో సహా మొత్తం సంభాషణ పైకి చదువుతూ రాయండి. జవాబులు 7వ పాఠంలో. ఆ పాఠంలో మెనూ మీది కతకన (విదేశీ మాటలు రాయడానికి వాడే లిపి) అక్షరాలు మొదలుపెడతాం.