గుర్తింపు తీర్మానం కాగితంపైనే ఆగిపోకుండా కౌన్సిల్‌ను ఎలా అడగాలి

ఒక సమూహాన్ని గుర్తిస్తున్నామని స్థానిక కౌన్సిల్ ప్రకటించడం ఒక పని, ఆ సమూహానికి అందవలసిన సేవను అందేలా చూడడం మరొక పని. మొదటిదానికి పైసా ఖర్చు ఉండదు కనుక అయిదు నిమిషాల్లో చప్పట్ల మధ్య ఆమోదం పొందుతుంది. రెండోదానికి సిబ్బంది, డబ్బు, గడువు కావాలి కనుక స్థాయీ సంఘానికి వెళ్లి అక్కడే నిద్రపోతుంది. ఒక వీధికి పేరు, ఒక రోజు ఉత్సవం, ఒక భాషకు హోదా, ఒక శ్మశానవాటిక, కార్యాలయంలో ఒక దుబాసీ వంటి కోరికలన్నిటినీ ఒకే వినతిపత్రంలో కలిపి ఇచ్చినవారికి సాధారణంగా వీధి పేరు దక్కుతుంది, మిగిలినవి దక్కవు. అందుచేత గుర్తింపునూ సేవనూ విడివిడిగా రాసుకుని, మొదటిదాన్ని ఆమోదించగానే రెండోది దానంతటదే కదిలేలా ముడివేయడమే ఈ వ్యవహారంలో అసలు నేర్పు.

ముందుగా తేల్చుకోవలసింది మీకు కావలసినది తీర్మానమా, స్థానిక చట్టమా, బడ్జెట్ పద్దా అన్నది. తీర్మానం సభ అభిప్రాయాన్ని మాత్రమే తెలుపుతుంది. స్థానిక చట్టం హక్కునూ బాధ్యతనూ సృష్టిస్తుంది. పద్దు డబ్బును కేటాయిస్తుంది. అమెరికాలోని సియాటిల్ నగర కౌన్సిల్ 2020 ఫిబ్రవరిలో భారతదేశపు పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. దాని వల్ల ఆ నగరంలో ఎవరి హక్కులూ మారలేదు, మారాలని ఎవరూ ఆశించనూ లేదు. అదే కౌన్సిల్ 2023 ఫిబ్రవరి 21న 6–1 ఓట్లతో తన వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. ఉద్యోగంలోనో, అద్దె ఇంటి విషయంలోనో కులం కారణంగా అన్యాయం జరిగిందనుకున్న మనిషి వెళ్లి ఫిర్యాదు చేయడానికి నగర పౌరహక్కుల కార్యాలయం అప్పటికే ఉంది. చట్టంలో ఒక మాట చేర్చడంతో దాని తలుపు ఆ మనిషికీ తెరుచుకుంది. కొత్త యంత్రాంగాన్ని పుట్టించమని అడగడం కన్నా, ఉన్న యంత్రాంగం పరిధిలోకి తమను చేర్చమని అడగడం సులువైన దారి అని ఈ ఉదాహరణ చెబుతుంది.

అడిగే పని కౌన్సిల్ చేతిలో ఉన్నదో లేదో చూసుకోవడం తరువాతి మెట్టు. భారత రాజ్యాంగానికి 73, 74వ సవరణల ద్వారా చేరిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు, పన్నెండో షెడ్యూలులో పురపాలక సంస్థలకు 18 అంశాలు కనిపిస్తాయి. శ్మశానవాటికల నిర్వహణ, మురికివాడల అభివృద్ధి ఈ రెండో జాబితాలోనివే. అయితే జాబితాలో ఉన్నంతమాత్రాన అధికారం బదిలీ అయినట్టు కాదు, ఎంత అప్పగించాలన్నది రాష్ట్ర శాసనసభ చేసే చట్టం నిర్ణయిస్తుంది. ఏ దేశంలోనైనా స్థానిక సంస్థకు పై ప్రభుత్వం గీసిన గిరి ఒకటి ఉంటుంది. గిరి దాటిన కోరికకు సభ్యులు ఎంతో ఉదారంగా మద్దతు పలికి, పైవారికి సిఫారసు చేసి చేతులు దులుపుకుంటారు. ఆ ఉదారతను విజయంగా లెక్కవేయకూడదు.

మూడో సంగతి అంకెలు. గుర్తింపునకూ సేవకూ మధ్య ముడిని కొన్ని దేశాలు చట్టంలోనే అంకెతో బిగించాయి. ఫిన్లాండ్‌లో ఫిన్నిష్, స్వీడిష్ భాషలలో ఒకటి మాట్లాడే అల్పసంఖ్యాకులు ఒక మున్సిపాలిటీలో 3,000 మంది గానీ, జనాభాలో 8 శాతం గానీ ఉంటే ఆ మున్సిపాలిటీ ద్విభాషా సంస్థ అవుతుంది. అప్పుడు రెండు భాషల్లోనూ పౌరుడికి సేవ అందించడం దాని విధి. అమెరికా ఓటు హక్కుల చట్టానికి 1975లో చేర్చి, తరువాత సవరించిన నిబంధన ప్రకారం, నిర్దిష్ట భాషా సమూహాలలో ఇంగ్లీషు సరిగా రాని వయోజన పౌరులు 10,000 మందిని మించినా, ఓటు వయసు పౌరులలో 5 శాతాన్ని మించినా, మరికొన్ని షరతులకు లోబడి, ఎన్నికల సమాచారాన్ని ఆ భాషలోనూ ఇవ్వవలసి ఉంటుంది. ఇలాంటి హద్దు లేని చోట అంకెను మీరే తయారుచేసుకోవాలి.

అందుకు పెద్ద సర్వే అక్కర లేదు. ఒక సేవను ఎంచుకుని, ఒక కార్యాలయంలో ఒక కౌంటరు దగ్గర మూడు వారాలపాటు రోజుకొకరు కూర్చుని, వచ్చిన ప్రతి మనిషికీ ఒక గీత గీస్తూ లెక్క రాసే గీతల పుస్తకం నింపితే చాలు: ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఫారం చదవలేక వెనుదిరిగారు, ఎంతమందికి పక్కనున్నవారు నింపి పెట్టారు, ఒక్కొక్కరికి ఎంతసేపు పట్టింది. పేర్లు రాయవద్దు, తేదీ మాత్రం ప్రతి పేజీలోనూ ఉండాలి. జనాభాలో మా వాటా ఇంత అని చెప్పే పెద్ద శాతం కన్నా, ఫలానా సోమవారం పదకొండు మంది వచ్చి నలుగురు వట్టి చేతులతో వెళ్లారని చెప్పే చిన్న లెక్క కౌన్సిలర్లను ఎక్కువగా కదిలిస్తుందని నా అనుభవం. శాతం మీద వాదించవచ్చు, సోమవారం మీద వాదించడం కష్టం.

ఇక ముసాయిదా. దీన్ని కార్యాలయ సిబ్బందికి వదిలేయకుండా మీరే రాసి ఇవ్వాలి, ఎందుకంటే ఒకసారి అచ్చయిన మాటలను మార్చడం కన్నా ఉన్నవాటిని ఒప్పుకోవడమే సభ్యులకు తేలిక. సాధారణంగా వచ్చే ముసాయిదా ఇలా ఉంటుంది: “ఫలానా సమూహం సేవలను ఈ కౌన్సిల్ గుర్తిస్తూ, వారికి తగిన సౌకర్యాలు కల్పించే సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని తీర్మానించడమైనది.” ఈ వాక్యంలో కర్త లేడు, గడువు లేదు, పరిశీలించి ఏం చేయాలో లేదు. దాని స్థానంలో ఇలా రాయండి: “ఈ కౌన్సిల్ ఫలానా భాషను తన సేవా భాషలలో ఒకటిగా గుర్తిస్తున్నది. నీటి కనెక్షన్, జనన మరణ నమోదు, ఆస్తి పన్ను ఫారాలను ఆ భాషలో కూడా 90 రోజుల్లోగా అందుబాటులో ఉంచవలసిందిగా కమిషనర్‌ను ఆదేశిస్తున్నది. పురోగతిపై రాతపూర్వక నివేదికను ఆ తరువాత జరిగే మొదటి సాధారణ సమావేశంలో ఉంచాలి. ఖర్చును ముద్రణ పద్దు నుంచి భరించాలి.” గుర్తింపు ఒక్క వాక్యం, సేవ మూడు వాక్యాలు. నివేదిక సమావేశం ముందుకు రావాలన్న నియమం మిగిలినవాటికన్నా విలువైనది, ఎందుకంటే పని జరగకపోయినా విషయం మళ్లీ అజెండాలోకి వస్తుంది.

అజెండా గడువును తప్పిస్తే ఈ శ్రమంతా వృథా. ఇంగ్లండులో కౌంటీ, జిల్లా స్థాయి కౌన్సిళ్ల సమావేశానికి అయిదు పూర్తి రోజుల ముందు అజెండా ప్రజలకు అందుబాటులో ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజునూ సమావేశం రోజునూ ఈ లెక్కలో కలపరు. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ సమావేశపు అజెండాను 72 గంటల ముందు ప్రదర్శించాలి, అందులో లేని అంశంపై, కొద్ది మినహాయింపులు తప్ప, సభ నిర్ణయం తీసుకోకూడదు. మీ సంస్థ నియమావళి ఏం చెబుతున్నదో కార్యదర్శిని అడిగి, ఆ తేదీకన్నా కనీసం రెండు వారాల ముందు ముసాయిదా అందించి, అందినట్టు రసీదు తీసుకోండి.

సమావేశానికి ముందే సభ్యులను ఒక్కొక్కరినీ కలవాలి, వ్యతిరేకించేవారిని మొదట కలవాలి. వారి నోటి నుంచి తప్పకుండా వచ్చే మాట, ఇవాళ మీకిస్తే రేపు అందరూ అడుగుతారని. ఇది మొండి వాదన అనిపించినా దీన్ని తేలికగా తీసుకోకూడదు. అమెరికాలోని బోస్టన్ నగరం 2005 నుంచి 2017 వరకు తన కార్యాలయం ఎదుట స్తంభంపై వివిధ సమూహాల జెండాలు ఎగరేయడానికి 284 సార్లు అనుమతి ఇచ్చింది, ఒక్కరినీ కాదనలేదు, ఎవరిని అనుమతించాలన్న రాతపూర్వక విధానమూ పెట్టుకోలేదు. తరువాత ఒక క్రైస్తవ సంస్థ జెండాను నిరాకరించడంతో వివాదం ఆ దేశపు సుప్రీంకోర్టుకు వెళ్లి, 2022లో న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా నగరానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. కనుక అభ్యంతరం చెప్పే సభ్యుడికి మీరివ్వవలసిన జవాబు, మాకు మాత్రమే ఇవ్వండి అని కాదు. ఏ సమూహం అడిగినా వర్తించే ప్రమాణాన్ని రాసిపెట్టండి, మేమూ దానికి లోబడతాం అని. మనకు నచ్చని సమూహం కూడా రేపు అదే ప్రమాణం చూపి అడగవచ్చునన్న సంగతిని మన వర్గంలో ముందే చర్చించుకోవడం మంచిది. ఈ చర్చ చేదుగా ఉంటుంది, అయినా సభలో తడబడడం కన్నా నయం.

సభలో పౌరులకు మాట్లాడే అవకాశం ఉన్న చోట అది చాలా వరకు రెండు మూడు నిమిషాలే. సమూహం చరిత్ర, త్యాగాలు, నాయకుల పేర్లతో ఆ సమయం ఆవిరైపోవడం ఎన్నోసార్లు చూశాను. మొదటి వాక్యంలో కోరిక, రెండో వాక్యంలో గీతల పుస్తకంలోని లెక్క, ఆ తరువాత ఒకే ఒక్క మనిషికి జరిగిన సంగతి, చివర ముసాయిదాలోని గడువు. ఇంతకు మించి ఏదీ పట్టదు. సన్మానాలకు వేరే వేదికలున్నాయి.

అసలు ప్రమాదం చర్చలో కాదు, చర్చ ముగిసేవేళ వచ్చే సవరణలో ఉంటుంది. నేను హాజరైన ఒక సమావేశంలో అంతా సానుకూలంగా సాగి, అధ్యక్షుడు ఓటింగుకు పిలవబోతుండగా ఒక సభ్యుడు ఎంతో మర్యాదగా లేచి, “90 రోజుల్లోగా” అన్నచోట “వీలైనంత త్వరగా” అని మార్చితే ఏకగ్రీవం అవుతుందని సూచించారు. ఏకగ్రీవం అన్న మాటకు అందరూ మురిసిపోయారు, మేమూ మురిసిపోయాం. ఏడాది తరువాత కూడా ఆ ఫారాలు ముద్రణకు వెళ్లలేదు. అందుచేత మీ తరఫున ప్రతిపాదించే కౌన్సిలర్‌తో ముందే ఒప్పందం ఉండాలి: 90 రోజులు ఎక్కువ తొందర అనిపిస్తే 180 రోజులకు అంగీకరించవచ్చు, అంకె లేని గడువుకు మాత్రం అంగీకరించకూడదు. గుర్తింపు వాక్యాన్ని ఉంచి సేవా వాక్యాలను స్థాయీ సంఘానికి పంపుదామన్న సవరణ వస్తే, సంఘం నివేదిక తిరిగి రావలసిన తేదీని అక్కడికక్కడే చేర్చమని పట్టుబట్టాలి. మూడు ఓట్లు వ్యతిరేకంగా పడినా తేదీతో గెలిచిన తీర్మానం, తేదీ లేని ఏకగ్రీవం కన్నా మేలు.

ఆమోదం పొందిన రోజున ఫొటోలు దిగడంలో తప్పు లేదు గానీ, తరువాతి సమావేశానికి మళ్లీ వెళ్లండి. గత సమావేశపు మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని అధికారిక రాత, ధ్రువీకరణకు వచ్చేది అప్పుడే. వాటి ప్రతిని ముందే తీసుకుని, మీ ముసాయిదాను పక్కన పెట్టుకుని, గడువు అంకె, బాధ్యుడి హోదా, పద్దు పేరు ఈ మూడూ అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. ఏ ఒక్కటి జారిపోయినా ధ్రువీకరణకు ముందే మీ కౌన్సిలర్ చేత సరిదిద్దించండి.