కొత్తగా కంప్యూటర్ వాడేవారు అక్కరలేని ప్రోగ్రాములను తొలగించే విధానం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం కోట కూడలి దగ్గరో కంప్యూటర్ కొని ఇంటికి తెచ్చుకున్నవారికి అందులో తాము అడగని ప్రోగ్రాములు చాలానే కనిపిస్తాయి. కొన్నింటిని తయారీదారే పెట్టి పంపుతాడు, కొన్నింటిని దుకాణంవారు వేసి ఇస్తారు, సెకండ్ హ్యాండ్ యంత్రమైతే పాత యజమాని వాడుకున్నవన్నీ అలాగే ఉండిపోతాయి. తీసివేయడానికి పట్టేది కొద్ది నిమిషాలే కాబట్టి, ఎక్కువ సమయాన్ని ఏది తీయాలో, ఏది ఉంచాలో తేల్చుకోవడానికి కేటాయించాలి.

డెస్క్‌టాప్ మీది బొమ్మను రీసైకిల్ బిన్‌లో వేస్తే ప్రోగ్రాము పోయిందని చాలామంది అనుకుంటారు. ఆ బొమ్మ ప్రోగ్రామును తెరవడానికి పెట్టిన దారి మాత్రమే. దాన్ని తీసినా ప్రోగ్రాము డిస్క్‌లో చోటు ఆక్రమించుకునే ఉంటుంది. సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను తెరిచి నేరుగా డిలీట్ చేయడం ఇంకా చెడ్డ పద్ధతి, ఎందుకంటే విండోస్ తన అమరికలను రాసుకునే రిజిస్ట్రీలోని నమోదులు అలాగే మిగిలిపోయి, తరువాత సరైన పద్ధతిలో తొలగించబోయినా కంప్యూటర్ మొరాయిస్తుంది.

విండోస్ 11లో స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్ తెరిచి, యాప్స్‌లోకి, అక్కడి నుంచి ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్తే మొత్తం జాబితా వస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినా పాత యంత్రాలలో అదే ఉండవచ్చు. అందులో ఇదే జాబితాను యాప్స్ అండ్ ఫీచర్స్ అంటారు. రెండింటిలోనూ కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ పేజీ పని చేస్తుంది. అక్కడ ప్రతి ప్రోగ్రాము పక్కన తయారీదారు పేరు, వేసిన తేదీ, పరిమాణం వరుసగా కనిపిస్తాయి కనుక కొత్తవారికి నేను ఆ పేజీనే సిఫారసు చేస్తాను.

జాబితాను ముందుగా తేదీల వారీగా అమర్చుకోవాలి. కంప్యూటర్ ఫలానా రోజు నుంచి నెమ్మదించిందని గుర్తుంటే, ఆ రోజుల్లో వచ్చి చేరినవి పైకి తేలుతాయి. ఉచిత ప్రోగ్రాము కోసం ఏదో సైటులో డౌన్‌లోడ్ నొక్కినప్పుడు దాని వెంట వచ్చిన టూల్‌బార్లు, క్లీనర్లు సాధారణంగా అదే తేదీతో కనబడతాయి, వాటిని సంకోచం లేకుండా తీసేయవచ్చు. పేరు తెలియనిదల్లా అనవసరమని మాత్రం అనుకోకూడదు. విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే పేరుతో సంవత్సరాల వారీగా కనిపించే వరుసలు ఇతర ప్రోగ్రాములకు ఆధారం. రియల్‌టెక్, ఇంటెల్ వంటి పేర్లతో ఉన్నవి చాలావరకు శబ్దానికి, తెరకు, నెట్ కనెక్షన్‌కు సంబంధించిన డ్రైవర్లు, అంటే ఆ పరికరాలను విండోస్‌తో కలిపి పని చేయించే ప్రోగ్రాములు. వీటి జోలికి పోకూడదు.

మన జిల్లాలలో ఎక్కువగా తగిలే చిక్కులు మరికొన్ని ఉన్నాయి. వేలిముద్ర యంత్రం పెట్టుకుని ఆధార్ చెల్లింపులు చేసేవారి కంప్యూటర్‌లో ఆ యంత్రానికి చెందిన, వేలిముద్రను చదివి అందించే ఆర్‌డి సర్వీస్ అనే ప్రోగ్రాము ఉంటుంది. పేరు అర్థం కాలేదని దాన్ని తీస్తే, మర్నాడు పింఛను డబ్బు కోసం వచ్చిన ముసలివారి వేలిని యంత్రం చదవదు. డీటీపీ దుకాణం నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ యంత్రంలో ‘అను’ అనే పేరుగల తెలుగు ఫాంట్లు ఉంటే, వాటితో టైపు చేసిన పాత పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఆ ఫాంట్లు తీశాక ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తాయి. పలాస జీడిపప్పు వ్యాపారి లెక్కల కంప్యూటర్‌లో ట్యాలీ ఉంటే, తీసే ముందు డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, లైసెన్స్‌ను అదే ప్రోగ్రాము నుంచి సరెండర్ చేయాలి, అంటే తిరిగి అప్పగించాలి, లేకుంటే వేరే యంత్రంలో లైసెన్స్ పెట్టుకోవడానికి ఇబ్బంది అవుతుంది.

తొలగించే ముందు స్టార్ట్ పక్కన వెతుకు పెట్టెలో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని ఇంగ్లీషులో టైపు చేసి, వచ్చిన పేజీలో సి డ్రైవ్‌కు ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, లేకుంటే ఆన్ చేసి, క్రియేట్ నొక్కాలి. అప్పటి విండోస్ అమరిక ఇలా దాచిపెట్టబడుతుంది, పొరపాటు జరిగితే చాలావరకు ఆ స్థితికి వెనక్కి రావచ్చు. సొంత ఫైళ్లను మాత్రం ఇది కాపాడదు కాబట్టి వాటిని విడిగా దాచుకోవాలి. కరెంటు తరచూ పోయే వేళల్లో డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడం మంచిది.

తరువాత ప్రోగ్రామును పూర్తిగా మూసి, జాబితాలో దాని మీద అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, అనుమతి అడిగితే అవునని చెప్పాలి. వచ్చే ప్రశ్నలను చదివి జవాబివ్వాలి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు ఉంచుకోండి అనే మీటను పెద్దగా, తీసేయి అనే మీటను సన్నగా చూపిస్తాయి. ఒక్కొక్కటే తీసి, రీస్టార్ట్ చేసి, ప్రింటర్, శబ్దం, నెట్ పని చేస్తున్నాయని చూసుకున్నాకే మరొకటి ముట్టుకోవాలి. మొరాయించే ప్రోగ్రాము విషయంలో, అదే వెర్షన్‌ను దాని మీద మళ్లీ వేసి ఆ తరువాత తీసివేస్తే తరచూ పని జరుగుతుంది.

గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ ముందుగా పోవలసినది. అది పోయాక కంప్యూటర్‌కు రక్షణ ఉండదని భయపడనక్కరలేదు. వేరే యాంటీవైరస్ లేనప్పుడు విండోస్‌లోని డిఫెండర్ తనంతట తానే పని అందుకుంటుంది. విండోస్ సెక్యూరిటీ పేజీ తెరిచి ఆ సంగతి నిర్ధారించుకోవచ్చు.

తెర కుడి మూల మాటిమాటికీ వచ్చే ప్రకటనలు ఎన్ని ప్రోగ్రాములు తీసినా పోకపోతే, కారణం బ్రౌజర్‌లో వెతకాలి. ఎప్పుడో ఒక సైటు అడిగినప్పుడు అలౌ నొక్కి ఉంటారు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అనే వరుసలో వెళ్లి, తెలియని సైట్ల అనుమతులు తొలగిస్తే అవి ఆగుతాయి.

రిపేరు చేసినవారు ఫోన్‌లో ఉండి దూరం నుంచి మన తెరను నడపడానికి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి వేయిస్తారు. పని అయ్యాక వాటిని ఉంచనక్కరలేదు. బ్యాంకు లావాదేవీలు జరిగే కంప్యూటర్‌లోనైతే ఆ రోజే తీసేయాలి, మళ్లీ అవసరమైనప్పుడు వేసుకోవడానికి ఎక్కువసేపు పట్టదు.