ఎగ్జిబిషన్‌లో కొన్న పార్ట్ ఇంటికొచ్చాక మొరాయిస్తే

కంప్యూటర్ ఎగ్జిబిషన్‌లో కొన్న సరుకుతో ఒకటే చిక్కు: తేడా బయటపడేసరికి స్టాల్ ఎత్తేసి ఉంటారు. అందుకే నేను చివరి రోజు ఎంత తగ్గించి ఇస్తామన్నా కొనను. మొదటి రోజే కొని, ఆ రాత్రే టెస్ట్ పెడతాను. తేడా ఉంటే మర్నాడు పొద్దున్నే స్టాల్ ముందుంటాను.

సమస్య: పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు కనిపిస్తాయి కానీ తెరుచుకోవు

ఇది నాకే జరిగింది. 256 జీబీ అని రాసి ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి ఫొటోలన్నీ ఎక్కించాను. పేర్లున్నాయి, సైజులున్నాయి. నొక్కితే మాత్రం పైన సగం బొమ్మ, కింద బూడిదరంగు.

కారణం: లోపల చిప్ చిన్నది. కంట్రోలర్ ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ని లోపలినుంచి నడిపించే ప్రోగ్రాం) మార్చి దానిచేత పెద్ద సైజు చెప్పిస్తారు. విండోస్ ఆ మాటే నమ్ముతుంది. అసలు జాగా నిండాక కొత్త డేటా పాతదాని మీద పడుతుంది, లేదా ఎక్కడా పడకుండా పోతుంది. ఫార్మాట్ చేసినా లాభం లేదు.

పరిష్కారం: విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ప్రోగ్రాం, లినక్స్, మ్యాక్‌లలో అయితే ఎఫ్3 వాడండి. డ్రైవ్ నిండా డేటా రాసి, తిరిగి చదివి సరిచూస్తాయి. సెకనుకు 20 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కి 256 జీబీ నింపడానికే మూడున్నర గంటలు పడుతుంది. స్టాల్ దగ్గర అయ్యే పని కాదు, రాత్రి పెట్టి పడుకోవాల్సిందే.

అన్నట్టు, 1 టీబీ డిస్క్ 931 జీబీ చూపిస్తే గొడవకు దిగకండి. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. మోసం లేదు.

సమస్య: 'కొత్త' హార్డ్‌డిస్క్ నెల తిరక్కుండానే నత్తనడక

కారణం: ఎక్కడో సర్వర్‌లో అరిగిన డిస్క్‌ని తుడిచి, కవర్లో పెట్టి అమ్మి ఉండొచ్చు.

పరిష్కారం: దీన్ని మాత్రం స్టాల్ దగ్గరే రెండు నిమిషాల్లో పట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్, సాటా-యుఎస్‌బి అడాప్టర్ (హార్డ్‌డిస్క్‌ని యుఎస్‌బి పోర్టుకి కలిపేది) వెంట తీసుకెళ్లి, డిస్క్ వివరాలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం తెరవండి. (కొన్ని అడాప్టర్లు స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూపించవు; ఇంట్లోనే ఒకసారి చూసుకోండి.) పవర్ ఆన్ అవర్స్ (డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పే అంకె) దగ్గర 26,000 ఉందనుకోండి. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి అది దాదాపు మూడేళ్లు ఆగకుండా తిరిగిన డిస్క్. రీఅలొకేటెడ్ (పాడై పక్కన పెట్టిన), పెండింగ్ (పాడయ్యాయేమోనని అనుమానమున్న) సెక్టార్లు సున్నా ఉండాలి. గంటల లెక్కని సున్నాకి తిప్పేసేవాళ్లూ ఉన్నారు. అందుకే స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలు, కనెక్టర్ మీద అరుగుదల కూడా చూడండి. స్క్రూ ఎక్కని డిస్క్‌కి గీతలెందుకుంటాయి?

సమస్య: 3200 వేగం ర్యామ్ కొంటే 2400 చూపిస్తోంది

అమ్మినవాడిని తిట్టుకునే ముందు బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగ్, ఆన్ చేయండి. అప్పటిదాకా ర్యామ్ మామూలు వేగంతోనే నడుస్తుంది. బోర్డు, ప్రాసెసర్ ఆ వేగాన్ని తట్టుకోవాలి, అంతే. అసలు స్లాట్‌లో దిగకపోతే నొక్కకండి. డీడీఆర్4, డీడీఆర్5 డెస్క్‌టాప్ ర్యామ్‌లు రెండింటికీ పిన్నులు 288, గాడి ఉండే చోటే వేరు.

సమస్య: ఎం.2 ఎస్ఎస్‌డి (మదర్‌బోర్డ్‌లోనే నేరుగా దిగే సన్నటి డ్రైవ్) చక్కగా దిగింది, బయోస్‌కి కనపడదు

కారణం: ఆకారం ఒకటే అయినా బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి వేరు: కొన్ని సాటా, కొన్ని ఎన్‌వీఎంఈ. మీ స్లాట్ ఏది తీసుకుంటుందో మదర్‌బోర్డ్ మాన్యువల్‌లో ఉంటుంది. మార్చుకోవడం తప్ప దారి లేదు.

సమస్య: డ్రైవర్ వేయగానే గ్రాఫిక్స్ కార్డ్ తెర నల్లబడుతోంది

పాత చిప్‌కి కొత్త మోడల్ పేరు ఎక్కించి ఉండొచ్చు. గ్రాఫిక్స్ కార్డ్ వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరవండి. అలాంటి చాలా కార్డుల పేరు ముందు 'ఫేక్' అని అదే చూపిస్తుంది.

సమస్య: వారంటీకి వెళ్తే 'ఇది మేం అమ్మింది కాదు' అంటున్నారు

బిల్లు మీద సీరియల్ నంబరు లేదు, అదీ కారణం. డబ్బిచ్చే ముందే పెట్టె మీది నంబరు, పార్ట్ మీది నంబరు ఒకటేనా చూసి బిల్లులో రాయించండి. 'బిల్ బుక్ ఇక్కడ లేదండీ, షాపుకొస్తే ఇస్తాం' అంటే, షాపు అడ్రస్ రాసుకుని 'అయితే అక్కడికే వచ్చి కొంటాలెండి' అని పక్క స్టాల్‌కి నడవండి.