పాత కోటు కొనే ముందు వేళ్లతో ఒక పరీక్ష

లండన్‌లో దర్జీ దుకాణాలకు పేరుపడ్డ సెవిల్ రో వీధి దర్జీల పద్ధతిలో కుట్టిన పాత ఉన్ని కోటు ఎక్కడైనా దొరికితే, ధర అడగక ముందే, అన్నిటికన్నా కింది కాజా పక్కన పై బట్టను ఒక చేతి వేళ్లతోనూ లోపలి బట్టను రెండో చేతి వేళ్లతోనూ పట్టుకుని మెల్లగా విడదీసి చూడండి. రెండింటి నడుమ మరో పలుచని పొర విడిగా జారుతూ తగిలితే, అది దారంతో కుట్టి నిలిపిన కాన్వాసు; సాధారణంగా ఇందులో గుర్రపు వెంట్రుకలు కలిపి నేస్తారు. అక్కడ తగలకపోయినా ఛాతీ దగ్గర మళ్లీ చూడాలి, ఎందుకంటే సగం కాన్వాసు కోట్లలో అది అంత కిందికి రాదు. రెండు చోట్లా పై బట్ట అట్టలా బిగిసి ఉంటే నడిమి పొరను కుట్టకుండా పై బట్టకు జిగురుతో అంటించారని అర్థం. అటువంటి కోటుకు డ్రైక్లీనింగులో జిగురు ఊడి ఛాతీ మీద బుడగలు లేస్తే, ఇస్త్రీ పెట్టెతో వాటిని పూర్తిగా అణచడం దాదాపు అసాధ్యం.