పోర్ట్రెయిట్‌లో ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడుతోందా? ముందు పాలెట్ రంగు చూడండి

తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో జోర్న్ పాలెట్ అనేది వీటినే. కుర్చీలో కూర్చున్న మనిషిని ఈ నాలుగు ఆయిల్ రంగులతో వేయడం మొదలుపెట్టినవాళ్ళలో చాలామందికి ఎదురయ్యేది ఒకే ఇబ్బంది.

సమస్య: వేస్తున్నంతసేపూ ముఖం బాగానే ఉంటుంది. చివర్లో వెనక ముదురు రంగు నింపగానే పాలిపోయి తెల్లగా తేలుతుంది. వెంటనే ఎరుపు కలుపుతారు, తెల్ల ముఖం గులాబీ ముఖం అవుతుంది, అంతే.

ముందు ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ వదిలేస్తారు. వెలుగు పడిన చెంప, నీడలో ఉన్న చెంప దాదాపు ఒకే బూడిద రంగులో కనిపిస్తే తప్పు రంగులో లేదు, టోన్‌లో, అంటే అది ఎంత లేత, ఎంత ముదురు అన్నదాంట్లో ఉంది.

అసలు దొంగ తెల్ల పాలెట్, అంటే రంగులు కలుపుకునే తెల్ల పలక. నేనూ చాలా బొమ్మలు దీనివల్లే పాడుచేసుకున్నాను. దవడ కింద నీడ కోసం ఓకర్, ఎరుపు, చిటికెడు నలుపు కలిపి తెల్ల ప్లేటు మీద కత్తితో పరిచి చూడండి, చుట్టూ తెలుపే కాబట్టి అది ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది, భయపడి తెలుపు కలుపుతాం. కాన్వాస్ కూడా తెల్లదే, అక్కడ పెట్టగానే ఇంకా ముదురనిపించి మరికాస్త కలుపుతాం. టైటానియం వైట్ అసలే గట్టిది, రంగుని లేతచేస్తూనే అందులోని వెచ్చదనాన్నీ లాగేస్తుంది.

పరిష్కారం: గాజు పాలెట్ కింద మధ్యరకం బూడిద రంగు కాగితం పెట్టండి. కాన్వాస్ మీద ఓకర్, నలుపు పల్చగా పూసి గుడ్డతో తుడవండి. ముఖం ముట్టుకోకముందే జుట్టులోని ముదురు రంగు, చెంప పక్కన వచ్చే గోడ రంగు ఒక్కో మచ్చ పెట్టుకోండి, ఆ తర్వాత ప్రతి రంగునీ వాటితో పోల్చుకోవచ్చు. నీడల్లో తెలుపు దాదాపు వద్దు, లేత కావాలంటే ముందు ఓకర్ పెంచండి. ఇప్పటికే పాడైన ముఖం పచ్చిగా ఉంటే కత్తితో గీకేయండి, పైన పూస్తే బురదే.

ముఖం పాలిపోయేది నలుపు రంగు బ్రాండ్ వల్ల కాదు. బొమ్మలో మెడ, తల అతకకపోతే మాత్రం కూర్చున్నవాళ్ళు మెల్లగా కిందికి జారి ఉంటారు. కుర్చీ కాళ్ళ దగ్గర, పాదాల దగ్గర టేపు అంటించండి, 20 నిమిషాలకోసారి లేవనివ్వండి. ఈ నాలుగింటిలో నీలం లేదు కదా అంటారా, నలుపు, తెలుపు కలిపిన బూడిద రంగు ఓకర్ పక్కన నీలంగానే కనిపిస్తుంది. నిండు నీలం మాత్రం రాదు, ఆ రంగు బట్టలు వద్దని ముందే చెప్పండి.