అమరావతి చెక్కడాన్ని 1850ల పద్ధతిలో ఫొటో తీయాలంటే

మద్రాసు సివిల్ సర్వీసు అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర తవ్వించి మద్రాసు చేర్పించిన ఫలకాలను 1858లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. మరుసటేడే ఆ ఫలకాలు లండన్‌కు ఓడెక్కాయి. అప్పటి తడి కొలోడియన్ పద్ధతిలో (గాజు ప్లేటుకు కొలోడియన్ అనే జిగురు పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగే పద్ధతి) ఇలాంటి చెక్కడాన్ని తీయాలనుకుంటే మందులు కలిపే ముందే ఎండ చూసుకోండి.

ఎదురెండలో బొమ్మలు చదునైపోతాయి. ఎండ రాతిని రాసుకుంటూ పడాలి: పలుచని చెక్కడానికి రాతి ముఖంతో 15–20 డిగ్రీల కోణం, లోతైనదానికి 30–40. లోతైన చెక్కడం మీద ఎండ మరీ వాలితే ముందు బొమ్మ నీడ వెనక బొమ్మల్ని మింగేస్తుంది. వెలుగు కిందినుంచి వస్తే ఉబ్బు గుంటలా కనబడుతుంది, కాబట్టి పైనుంచే రావాలి. తూర్పు ముఖంగా నిలిపిన రాయికి మన ప్రాంతంలో చలికాలం ఉదయం 10.45 వేళ మంచిది. సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు గనుక వెలుగు పై ఎడమ మూలనుంచి దిగుతుంది. నీడలు బాగా నల్లబడితే రాతి మొదట్లో తెల్లపంచె పరిస్తే చాలు.

లెన్స్ ఫలకం నడిమి ఎత్తులో ఉండాలి. ప్లేటు రాతికి సమాంతరంగా లేకపోతే ఫలకం అంచులు ఏటవాలవుతాయి.

రాతి పక్కనే చీకటి గుడారం వేసి, ఎర్ర దీపం పెట్టుకోండి. శుభ్రమైన గాజు మీద కొలోడియన్ పోసి నాలుగు మూలలకూ పారించి, మిగిలింది సీసాలోకి వంచేయండి. పొర గట్టిపడగానే 9 శాతం సిల్వర్ నైట్రేట్‌లో 3 నిమిషాలు ముంచండి. తడిగానే ప్లేట్ హోల్డర్‌లో (వెలుగు చొరని పెట్టెలో) పెట్టి కెమెరాకు తగిలించి, లెన్స్ రంధ్రం ఎఫ్/22 దగ్గర 6 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో మొదలుపెట్టండి. ఎదురెండకైతే 2 చాలు, వాలు ఎండలో రాతి మీద పడే వెలుగు మూడో వంతే. లీటరు నీటికి 40 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, 40 మి.లీ. గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం, 50 మి.లీ. ఆల్కహాల్ కలిపిన డెవలపర్‌ను (బొమ్మను పైకి తెచ్చే ద్రావణాన్ని) గుడారంలో ప్లేటు మీద పోసి 15–20 సెకన్లు ఉంచి నీళ్లతో ఆపండి. ఫిక్సింగ్‌కు (బొమ్మ నిలిచేలా చేయడానికి) 20 శాతం హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, వాడండి, సైనైడ్ జోలికి పోవద్దు.

మన ఎండల్లో ప్లేటు అయిదారు నిమిషాల్లోనే అంచులనుంచి ఆరి మరకలు కడుతుంది. బొమ్మంతా మసకబారితే డెవలపర్ వేడెక్కిందన్నమాట: చల్లబరచండి, ఆమ్లం కొంచెం పెంచండి. కొలోడియన్‌కు ఎరుపు, పసుపు కనబడవు. రాతి మీది తుప్పురంగు మరక నల్లగా వచ్చి పగులులా భ్రమ కలిగిస్తుంది, ప్రింటు చూసేటప్పుడు అసలు రాతితో పోల్చుకోండి.

కొలోడియన్‌లోని ఈథర్ ఆవిరి దగ్గర నిప్పు ఉండకూడదు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ముందు సొంత రాయి మీద సాధన చేయండి. రక్షిత శిల్పం దగ్గరికి అనుమతితోనే వెళ్లండి, ప్లేట్ హోల్డర్ కింద గుడ్డ కట్టే వెళ్లండి. కారిన వెండి ద్రావణం సున్నపురాతిలోకి ఇంకి నల్లబడుతుంది.