మధుపర్కాల తెలుపు కాలిపోకుండా

ఒడిశాలోని మా బరంపురంలో తెలుగు పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు అసలు పరీక్ష మధుపర్కాలే. తెల్లవారుజాము ముహూర్తం, చుట్టూ చీకటి, పీటల మీద మెరిసే తెల్లబట్టలు. వెలుగు కొలిచే కెమెరా మీటరుకు పెళ్లీ తెలియదు, తెలుపూ తెలియదు. దేన్ని చూసినా మధ్యరకం బూడిద వెలుగుకే తెస్తుంది. ఫ్రేములో చీకటి ఎక్కువుంటే పంచె కాలిపోయి, అంటే నేత కనబడకుండా, సున్నం కొట్టిన గోడలా తేలుతుంది. బట్టే నిండిపోతే ముఖాలు నల్లబడతాయి.

అందుకే వధూవరులు మధుపర్కాలు కట్టుకొచ్చి కూర్చోగానే మాన్యువల్ మోడ్‌లో, ఫ్రేములో ఒక చిన్న చోటునే చూసే స్పాట్ మీటరింగ్‌తో కొలవండి. పెళ్లికొడుకు ఉత్తరీయం మీద లైటు నేరుగా పడేచోట చూసి, మీటరు +1.5, +2 స్టాపుల మధ్య (ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు) నిలిచేలా షట్టరో, ఐఎస్ఓనో (వెలుగుకు కెమెరా సున్నితత్వం) సర్దండి. నికాన్‌లో స్పాట్ ఫోకస్ పాయింటుతో పాటు కదులుతుంది; చాలా కానన్ మోడళ్లలో మధ్యలోనే ఉంటుంది, అక్కడికే బట్టను తెచ్చి కొలవాలి. టెస్ట్ ఫొటోలో హైలైట్ వార్నింగ్ చూడండి; తెలుపు కాలిపోయిన చోటు స్క్రీన్ మీద మిణుకుమంటుంది. దీపాలు, సీరియల్ బల్బులు మిణుకుమంటే వదిలేయండి. బట్ట మిణుకుమంటే మూడోవంతు స్టాపు తగ్గించండి. ఇక తలంబ్రాల దాకా ముట్టుకోనక్కర్లేదు, వీడియో తమ్ముడు లైటు జరపకపోతే. జరుపుతాడు. మళ్లీ కొలవండి.

వెలుగులోనూ నీడలోనూ వివరం నిలపడానికి కెమెరాల్లో ఉండే డైనమిక్ రేంజ్ సెట్టింగులన్నీ ఒకటి కావు. కానన్ హైలైట్ టోన్ ప్రయారిటీ ఆన్ చేస్తే చాలా మోడళ్లలో ఐఎస్ఓ 100 దొరకదు, 200 నుంచే మొదలు. ఫ్యూజీలో అలాంటిదే అయిన డీఆర్400కైతే కెమెరా బేస్ ఐఎస్ఓ (మామూలుగా అన్నిటికన్నా తక్కువది) కన్నా రెండు స్టాపుల పైనుంచి. రెండూ లోలోపల తక్కువ ఎక్స్‌పోజ్ చేసి, నీడల్ని పైకి లాగుతాయి. ఆ నీడల్లో నాయిస్ (గరుకు చుక్కలు) పెరుగుతుంది. రాత్రి మండపంలో ఎలాగూ ఐఎస్ఓ 3200, తర్వాత కంప్యూటర్లో సర్దుకునే రా ఫైళ్లు. అక్కడ నేను వీటిని ఆపేస్తాను. సోనీ డీఆర్ఓ, కానన్ ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ మాత్రం కెమెరాయే తయారుచేసే జేపెగ్‌ను సర్దేవి. కానీ వెనక స్క్రీన్‌లో బొమ్మా, హిస్టోగ్రామూ (వెలుగుల గ్రాఫు) జేపెగ్ నుంచే వస్తాయి కాబట్టి రా తీసేవాళ్లను మభ్యపెడతాయి. వాటినీ ఆపండి.

గోపాల్‌పూర్ బీచ్‌లో ప్రీవెడ్డింగ్ సంగతి వేరు. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, జంట వెనకే వెలుగంతా. అదే రోజు జేపెగ్‌లు ఇవ్వాలంటే డీఆర్400 అక్కడ నిజంగా పనికొస్తుంది. ఎండ కాస్త పైకొచ్చాక మీరు సముద్రానికి వీపు పెట్టి, జంటను మీవైపు తిప్పండి. అప్పుడు మామూలు మీటరింగ్ చాలు. పెళ్లికూతురు ఎండకు కళ్లు చికిలించకుండా చూసుకోవడమే పని.